గెటిస్‌బర్గ్ ఒక్క రోజులో చూడొచ్చా? ఆర్టిలరీలో పనిచేసిన నాన్నగారితో వెళ్ళేవాళ్ళకు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉంటారు, గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు. నాన్నగారు మన ఆర్మీ ఆర్టిలరీలో సుబేదారుగా రిటైరయ్యారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, బాబుకి పన్నెండేళ్ళు. మొత్తం ఐదుగురు. పెన్సిల్వేనియా ఆడమ్స్ కౌంటీలోని గెటిస్‌బర్గ్ యుద్ధక్షేత్రం ఒక్క శనివారంలో చూసి రావచ్చా, గైడ్ అవసరమా లేక ఫోన్‌లో ఆడియో టూర్ చాలా, ఆ కౌంటీలోనే సైన్యానికి సంబంధించినవి ఇంకేమున్నాయి అని అడిగారు.

ఒక్క రోజు సరిపోతుంది, కాకపోతే అన్నీ చూసేద్దామనే ఆశ వదులుకోవాలి. పొద్దున రెండు గంటలు లైసెన్స్ ఉన్న గైడ్‌తో మీ బండిలోనే తిరగండి. ఎండ ముదిరే వేళకు మ్యూజియంలోకి వెళ్ళి సైక్లోరామా, అంటే చుట్టూ తిరిగి ఉండే పెద్ద యుద్ధ వర్ణచిత్రం, చూడండి. మధ్యాహ్నం మూడంటే మూడు చోట్ల బండి దిగి నడవండి. సాయంత్రం సైనికుల శ్మశానంతో ముగించండి. మిగతావన్నీ, రాత్రి అక్కడే ఉండగలిగితే, రెండో రోజుకి. ఆడియో టూర్ చెడ్డదేం కాదు గానీ, ఫిరంగుల మధ్య బతికిన మనిషి అడిగే ప్రశ్నలకు ఫోన్ జవాబు చెప్పలేదు.

నడవమని ఎందుకంటున్నానంటే, అక్కడ 1,300కు పైగా స్మారకాలున్నాయి. బండి అద్దంలోంచి చూస్తూ పోతే గంటలోపే ఏ రాయి చూసినా ఒకేలా కనిపించడం మొదలవుతుంది. ఆ యుద్ధాన్ని తేల్చింది నేల ఎత్తుపల్లాలు. పాతిక ముప్పై అడుగుల మిట్ట, మనిషి మునిగేంత పల్లం, అంతే. బండిలో కూర్చుంటే ఆ పల్లం తెలియదు. కాళ్ళకే తెలుస్తుంది.

వెళ్ళేముందు ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సిన కథ

అమెరికా అంతర్యుద్ధం, 1863 జూలై 1, 2, 3. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం, జనరల్ లీ నాయకత్వంలో, దాదాపు 70 వేల మందితో ఉత్తరాది గడ్డ మీదకి వచ్చింది. ఎదురుగా జనరల్ మీడ్ కింద యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది వాళ్ళు, 90 వేలకు పైనే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే రోడ్లన్నీ గెటిస్‌బర్గ్‌లో కలుస్తాయి, అందుకే ఇద్దరూ అక్కడ తగులుకున్నారు. మొదటిరోజు ఊరికి పడమర, ఉత్తరాన పోరు. యూనియన్ వాళ్ళు ఓడి, ఊళ్ళోంచి పరిగెత్తి దక్షిణాన ఉన్న మిట్టలెక్కారు. రెండోరోజు ఆ మిట్టల రెండు చివర్ల మీదా దాడి. మూడోరోజు సరిగ్గా నడిమధ్యన దాడి, అది విఫలం. చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు, పట్టుబడినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి రెండు వైపులా సుమారు 51 వేల మంది.

యూనియన్ వరస ఆకారం చేపల గాలంలా ఉంటుంది. కల్ప్స్ హిల్ గాలం ముల్లు, సెమెటరీ హిల్ దాని వంపు, సెమెటరీ రిడ్జ్ కాడ, లిటిల్ రౌండ్ టాప్ దారం కట్టే చోటు. కాగితం మీద ఈ గాలం గీసి బాబు చేతికివ్వండి. రోజంతా మీరు ఎక్కడున్నారో వాడే చెబుతాడు. గాలం లోపల ఉన్నవాడికి ఒక చివర నుంచి ఇంకో చివరకు మనుషుల్ని పంపడం తేలిక, బయట చుట్టుకుని ఉన్నవాడికి అదే పని రెండింతల దూరం. సుబేదారుగారికి ఇంతకంటే వివరించక్కర్లేదు.

గైడ్ విషయం, అందరూ పొరపాటు పడే చోటు

లైసెన్స్ ఉన్న గైడ్ల వ్యవస్థ అక్కడ 1915 నుంచి ఉంది. పరీక్షలు పాసైతేనే లైసెన్స్. వాళ్ళ పద్ధతి ఏమిటంటే మీ బండిని గైడే నడుపుతారు. మీరు పక్కన, వెనక కూర్చుని వింటారు. మీరు ఐదుగురు, గైడ్‌తో ఆరుగురు. ఐదు సీట్ల కారు పనికిరాదు. మూడు వరసల బండి ఉంటే అదే తీసుకెళ్ళండి, లేకపోతే ఆ రోజుకి అద్దెకు తీసుకోండి. అద్దె బండైతే వేరేవాళ్ళు నడపొచ్చో లేదో ఒప్పందంలో ముందే చూసుకోండి. ఇది చూసుకోకుండా వెళ్ళి, ఇద్దర్ని విజిటర్ సెంటర్‌లో కూర్చోబెట్టి తిరిగే కుటుంబాలు ప్రతి వేసవిలో కనిపిస్తాయి.

టూర్ రెండు గంటలు. శనివారాలకు ముందే బుక్ చేసుకోవాలి, అక్కడికెళ్ళి అడిగితే దొరుకుతుందన్న భరోసా లేదు. బండెక్కగానే గైడ్‌కి మూడు మాటలు చెప్పండి: నాన్నగారు ఆర్టిలరీ మనిషి, అమ్మగారు ఎక్కువ మెట్లెక్కలేరు, మధ్యమధ్యలో మీరు తెలుగులో చెప్పాలి కాబట్టి కాస్త ఆగుతూ చెప్పాలి. దాన్నిబట్టి వాళ్ళు దారి మార్చుకుంటారు. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

గైడ్ లేకుండా వెళితే పార్కువాళ్ళ మ్యాప్‌లో 24 మైళ్ళ ఆటో టూర్ ఉంటుంది, 16 మజిలీలు. ఒక చిక్కు ఉంది. ఆ వరస రోడ్ల సౌకర్యాన్నిబట్టి వేసింది, పూర్తిగా యుద్ధం జరిగిన వరస కాదు. మూడోరోజు దాడి మొదలైన వర్జీనియా మెమోరియల్ 5వ మజిలీ, ఆ దాడి ముగిసిన చోటు 15వది. మధ్యలో రెండోరోజు యుద్ధమంతా వస్తుంది. తెలియనివాళ్ళకి కథ తలకిందులవుతుంది. లోపలి రోడ్లు చాలావరకు ఒకవైపువి, దాటిపోతే వెనక్కి తిప్పడం కుదరదు, పెద్ద చుట్టు తిరగాలి.

దారి, వేళలు

యాష్‌బర్న్ నుంచి లీస్‌బర్గ్ మీదుగా యూఎస్ 15 ఎక్కితే ఫ్రెడరిక్, థర్మాంట్ దాటి నేరుగా గెటిస్‌బర్గే. 60 మైళ్ళ చిల్లర, గంటా పావు నుంచి గంటన్నర. ఏడింటికి బయల్దేరండి. మ్యాప్‌లో ఊరి పేరు కొడితే లింకన్ స్క్వేర్ దగ్గర రౌండ్ అబౌట్‌లో దింపుతుంది. 1195 బాల్టిమోర్ పైక్ అని కొట్టండి, అది విజిటర్ సెంటర్. పార్కింగ్‌కి గానీ యుద్ధక్షేత్రంలోకి గానీ టికెట్ లేదు. మ్యూజియానికి, సైక్లోరామాకి మాత్రం కొనాలి. దానికి టైము వేసి ఇస్తారు, గైడ్ టూర్ అయిన అరగంట తర్వాతది తీసుకోండి.

జూలై మొదటి వారం వద్దు, వార్షికోత్సవాల జనం. అక్టోబరు మొదటి రెండు శని ఆదివారాలు ఆరెండ్స్‌విల్ దగ్గర యాపిల్ పండగ, ఊరి చుట్టూ రోడ్లు కిక్కిరిసిపోతాయి. (ఆడమ్స్ కౌంటీ అంటే చాలామందికి యుద్ధం కంటే ముందు యాపిల్ తోటలే గుర్తొస్తాయి. ఆ సీజన్లో వెళితే ఒక బుట్ట తెచ్చుకోండి.)

మొదటి మజిలీ: 233 నంబరు ఫిరంగి

ఊరికి పడమర, చాంబర్స్‌బర్గ్ రోడ్డు పక్కన మెక్‌ఫర్సన్ రిడ్జ్. జూలై 1 పొద్దున బ్యూఫర్డ్ అనే యూనియన్ అశ్వికదళ జనరల్ తన మనుషుల్ని గుర్రాలు దింపి, వెనక పదాతిదళం వచ్చేవరకు శత్రువుని ఆపాడు ఇక్కడే. ఆయన విగ్రహం కింద నాలుగు ఫిరంగి గొట్టాలుంటాయి. వాటిలో 233 నంబరుది ఆ రోజు యూనియన్ వైపు నుంచి మొదటి గుండు పేల్చిన ఫిరంగి. ఏ గొట్టమో మీరు చెప్పకండి, బాబునే వెతకమనండి.

గొట్టం మూతి అంచు మీద అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. అవి చదవడం ఒకసారి వస్తే ఆ రోజంతా పండగే. యూనియన్ ఫిరంగులకు మూతి మీద వరస నంబరు, తనిఖీ చేసిన అధికారి పేరు పొడి అక్షరాలు, తయారైన ఏడు, పౌండ్లలో బరువు, పోత పోసిన కార్ఖానా పేరు ఉంటాయి. వేలితో తడిమితే, అరిగిపోయిన చోట కూడా అంకె అందుతుంది. పొద్దున ఏటవాలు ఎండలో బాగా కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం కనిపించవు.

రకాలు గుర్తుపట్టడం కూడా తేలికే. పచ్చగా కిలుం పట్టినట్టుంటే కంచు, అది 12 పౌండ్ల నెపోలియన్. లోపల నున్నగా ఉంటుంది, గాడులుండవు. నల్లగా, సన్నగా, మూపురం ఏమీ లేకుండా సాఫీగా ఉంటే 3 అంగుళాల ఆర్డినెన్స్ రైఫిల్, పోత ఇనుము కాదు, సాగగొట్టిన ఇనుము. మూతిలోకి చూస్తే మెలి తిరిగిన 7 గాడులు కనిపిస్తాయి. నల్లగానే ఉండి వెనకభాగానికి లావాటి ఇనుప పట్టీ వేసినట్టుంటే పారట్. పోత ఇనుము పేలిపోతుందని ఆ పట్టీ బిగించారు, అయినా పెద్ద సైజు పారట్‌లు పేలి సొంత మనుషుల్నే చంపిన సందర్భాలున్నాయి. నెపోలియన్‌కి మూతి దగ్గర గంటలా ఉబ్బు ఉంటే ఉత్తరాదిది. ఉబ్బు లేకుండా నిటారుగా ఉంటే సాధారణంగా దక్షిణాది పోత. కంచుకు కరువొచ్చి పొదుపు చేశారు.

నెపోలియన్ 5 డిగ్రీలు పైకెత్తితే గుండు సుమారు 1,600 గజాలు పోతుంది. ఒక్కో పెట్టెలో 32 రౌండ్లు, ఒక్కో ఫిరంగికి నాలుగు పెట్టెలు, లాగడానికి ఆరు గుర్రాలు, మందుగుండు బండికి ఇంకో ఆరు. గుర్రాన్ని కొడితే ఫిరంగి అక్కడే ఆగిపోతుంది కాబట్టి రెండు వైపులా ముందు గుర్రాలనే గురిపెట్టేవాళ్ళు. శత్రువు 400 గజాల లోపలికొస్తే క్యానిస్టర్, అంటే రేకు డబ్బాలో 27 ఇనుప గోళీలు. మూతి దాటగానే డబ్బా చీలి గోళీలు చిమ్ముకుంటాయి.

ఒక హెచ్చరిక: గొట్టాలు అసలువే అయినా కింద బళ్ళు అప్పటివి కావు. చెక్కబళ్ళు ఎప్పుడో కుళ్ళిపోయాయి. 1890ల్లో ఇనుముతో పోతపోసి పెట్టినవి ఇవి, చెక్కలా కనిపించేట్టు రంగు వేశారు. నాన్నగారు చక్రం తట్టి చూసి "ఇదేంటి, ఇనుమా?" అంటారు, ముందే తెలిసి ఉండండి. ఫిరంగుల మీద ఎక్కడం, ఎక్కించి ఫొటో తీయడం నిషేధం. పెద్దవాళ్ళు పిల్లల్ని గుర్రం ఎక్కించినట్టు ఎక్కిస్తుంటారు, రేంజర్ చూస్తే దింపేస్తారు.

అక్కడి నుంచి ఓక్ హిల్, శాంతి జ్యోతి స్మారకం. 1938లో రూజ్‌వెల్ట్ ఆవిష్కరించారు. జ్యోతి కంటే నాన్నగారికి నచ్చేది దగ్గర్లోనే ఉన్న రెండు వైట్‌వర్త్ ఫిరంగులు. ఇంగ్లండులో చేసినవి, గుండు వెనక నుంచి దట్టేవి. మూతిలోకి తొంగి చూడండి, రంధ్రం గుండ్రంగా ఉండదు, ఆరు పలకలుగా ఉంటుంది. గుండూ ఆరు పలకలదే. దూరం, గురి రెండూ అద్భుతం, కాకపోతే దక్షిణాది వాళ్ళ దగ్గర ఇక్కడున్నవి రెండే.

రెండోరోజు నేల: ముందు కింద నుంచి చూడండి

చాలామంది తిన్నగా లిటిల్ రౌండ్ టాప్ ఎక్కేసి, కింద లోయ చూసి, ఫొటో తీసుకుని దిగిపోతారు. ముందు వార్‌ఫీల్డ్ రిడ్జ్ దగ్గర ఆగి, దాడి చేసినవాళ్ళు నిలబడ్డ చోటి నుంచి ఆ కొండని చూడండి. తర్వాత డెవిల్స్ డెన్ బండరాళ్ళు. ఆ తర్వాతే పైకి. అప్పుడు గానీ కింద నుంచి ఎక్కిన వాళ్ళ ఒగర్పు అర్థం కాదు.

డెవిల్స్ డెన్‌లో రెండు రాళ్ళ మధ్య పేర్చిన గోడ ఉంది. అక్కడ పడి ఉన్న తుపాకీ సైనికుడి ఫొటో ప్రపంచమంతా చూసిందే. ఫొటోగ్రాఫర్లు ఆ శవాన్ని వేరే చోటి నుంచి మోసుకొచ్చి, పక్కన తుపాకీ పెట్టి తీశారని తర్వాత తేలింది. బాబుకి ఈ సంగతి చెప్పి, పాత ఫొటోని ఫోన్‌లో పెట్టుకుని అదే కోణం నుంచి చూపించండి. రాళ్ళ మీద ఎక్కాలనుకుంటే అమ్మగారు బండిలోనే ఉండటం మంచిది, సందుల్లో కాలు జారితే చీలమండ పోతుంది.

లిటిల్ రౌండ్ టాప్‌ని 2022 జూలైలో మూసి, బాట‌లన్నీ బాగుచేసి 2024 జూన్‌లో తెరిచారు. చక్రాల కుర్చీ వెళ్ళే బాట కూడా వేశారు కాబట్టి అమ్మగారూ శిఖరం దాకా రావచ్చు. అక్కడ బండరాయి మీద దుర్భిణీ పట్టుకుని నిలబడిన విగ్రహం వారెన్‌ది. ఆయన సేనాధిపతి కాదు, ఇంజినీరు. కొండ ఖాళీగా ఉందని చూసి, మనుషుల కోసం పరిగెత్తించినవాడు. ఆయన చూపు ఎటుందో అటు చూస్తే మీరిందాక నిలబడ్డ చోటు కనిపిస్తుంది.

ఎక్కువమంది చూడకుండా పోయేది 20వ మెయిన్ రెజిమెంటు రాయి. అది శిఖరం మీద ఉండదు, దక్షిణం వైపు వాలులో, చెట్ల మధ్య. యూనియన్ వరస మొత్తానికి చిట్టచివరి ఎడమ కొస అదే. తూటాలైపోతే తుపాకీ కొసన బిగించిన బాయొనెట్లతో కిందికి దూకింది వీళ్ళే. వాలు కాస్త నిటారు, వర్షం పడితే జారుతుంది. నాన్నగారికి ఓపికుంటే దిగండి, ఇరవై నిమిషాల పని.

పీచ్ ఆర్చర్డ్ దగ్గర గైడ్ సికిల్స్ అనే జనరల్ పేరు ఎత్తుతారు. మీడ్ చెప్పిన వరస వదిలేసి తన దళాన్ని అర మైలు పైగా ముందుకి జరిపాడు, దళం చితికిపోయింది, ఆయన కాలు గుండు తగిలి పోయింది. ఆ కాలి ఎముక ఇప్పటికీ మేరీలాండ్ సిల్వర్ స్ప్రింగ్‌లోని సైనిక వైద్య మ్యూజియంలో ఉంది. తప్పా ఒప్పా అన్న వాదన నూట అరవై ఏళ్ళుగా సాగుతోంది. నా ఓటు తప్పుకే: మిట్ట కాస్త ఎత్తుగా కనిపించిందని పక్కవాళ్ళతో పొత్తు తెంచుకుంటే మూల బయటపడుతుంది, రెండు వైపుల నుంచీ కొడతారు.

మూడోరోజు: ఆ ముప్పావు మైలు

రోజంతా కలిపి ఒక్కచోటే నడుస్తామంటే ఇక్కడ నడవండి. వర్జీనియా మెమోరియల్ నుంచి ఎదురుగా ఉన్న చెట్ల గుంపు దాకా పొలం మధ్యలో గడ్డి కోసిన బాట ఉంటుంది, మైలుకు కాస్త తక్కువ. జూలై 3 మధ్యాహ్నం సుమారు 12,500 మంది ఇదే దారిన నడిచారు. మీకు అరగంట పడుతుంది. మధ్యలో ఎమిట్స్‌బర్గ్ రోడ్డు దాటాలి, బళ్ళు వేగంగా వస్తాయి, బాబు చెయ్యి పట్టుకోండి. నడుస్తుంటే ఒకచోట ఎదుటి మిట్ట మాయమైపోతుంది, పల్లంలోకి దిగారన్నమాట. ఇంకో పాతిక అడుగులు వేస్తే మళ్ళీ తేలుతుంది. అమ్మగారిని బండిలో మరొకరు చుట్టు తిప్పి అవతల హై వాటర్ మార్క్, అంటే దాడి ఆగిపోయిన చెట్ల గుంపు, దగ్గరికి తీసుకొస్తే సరి, నీడలో కూర్చోవచ్చు.

దాడికి ముందు ఫిరంగుల సంగతి నాన్నగారికి తప్పకుండా చెప్పించండి. ఒంటిగంట ప్రాంతంలో దక్షిణాది వాళ్ళు 150 దాకా ఫిరంగులతో మొదలెట్టారు. చాలా గుండ్లు సెమెటరీ రిడ్జ్ దాటి వెనక పడ్డాయి. కారణాలు రెండు. పొగ కమ్మేసి గుండు ఎక్కడ పడుతుందో కనపడలేదు, సరిచేసుకునే వీలు లేకపోయింది. రెండోది ఫ్యూజులు: అలవాటైన రిచ్‌మండ్ సరుకు కాకుండా వేరే ఆయుధశాలవి వచ్చాయి, అవి నెమ్మదిగా కాలి ఆలస్యంగా పేలాయి. వెనక పడ్డ గుండ్లు మీడ్ ఉన్న చిన్న ఇంటిని, లీస్టర్ ఇల్లు అంటారు, దాన్ని చీల్చాయి గానీ ముందు వరస నిలిచింది. ఇటు యూనియన్ ఫిరంగుల అధిపతి హంట్ తన వాటిని ఒక్కొక్కటిగా ఆపించాడు, మందుగుండు దాచుకోవడానికీ, అటువాళ్ళు "అణచేశాం" అనుకోవడానికీ. అనుకున్నారు, బయల్దేరారు.

యాంగిల్ దగ్గర రాతిగోడ మలుపు తిరిగే చోట కుషింగ్ అనే యువ లెఫ్టినెంట్ గాయాలతోనే తన ఫిరంగిని గోడ దాకా తోయించి చనిపోయాడు. ఆయనకి మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది 2014లో. గోడకి కాస్త ఉత్తరాన తెల్లటి చిన్న ఇల్లు ఉంది, చాలామంది పట్టించుకోరు. అది అబ్రహాం బ్రయన్ అనే స్వేచ్ఛా నల్లజాతి రైతుది, 12 ఎకరాల ఆసామి. లీ సైన్యం పెన్సిల్వేనియాలో దొరికిన నల్లవాళ్ళని పట్టి దక్షిణాదికి తోలుకుపోతోందని తెలిసి కుటుంబంతో పారిపోయాడు. తిరిగొచ్చేసరికి పంట లేదు, ఇల్లు తూట్లు. దక్షిణాది రాష్ట్రాల స్మారకాల మీద రాసిన పెద్ద పెద్ద మాటలు చదివాక ఈ ఇంటి ముందు ఒక నిమిషం ఆగండి. ఆ స్మారకాలు ఎక్కువభాగం 20వ శతాబ్దంలో పెట్టినవి, పెట్టినవాళ్ళ కాలం సంగతీ చెబుతాయి.

రాళ్ళు చదివే పద్ధతి

కంచు పలక ఉన్న బ్రిగేడు రాయికి పీఠం చదరంగా ఉంటే యూనియన్, గుండ్రంగా ఉంటే కాన్ఫెడరేట్, అంటే దక్షిణాది. నిటారుగా పాతిన ఫిరంగి గొట్టం కనిపిస్తే అక్కడ ఎవరో పెద్ద సేనాని మకాం. స్మారకం మీద గుర్తు చూడండి: మూడు రేకులు యూనియన్ 2వ కోర్ (కోర్ అంటే సైన్యంలో పెద్ద విభాగం), డైమండ్ 3వది, నెలవంక 11వది, నక్షత్రం 12వది. రెజిమెంటు స్మారకానికి అటూ ఇటూ మోకాలెత్తు చిన్నరాళ్ళుంటాయి, ఎడమ కొస, కుడి కొస అని. ఆ రెండింటి మధ్య అడుగులు లెక్కపెడితే ఆ రెజిమెంటు ఎంత వెడల్పున నిలబడిందో తెలిసిపోతుంది. గుర్రం ముందుకాలు లేస్తే గాయపడ్డాడు, రెండూ లేస్తే చనిపోయాడు అని ఎవరైనా చెబితే నమ్మకండి. 1998లో పెట్టిన లాంగ్‌స్ట్రీట్ గుర్రం కాలెత్తే ఉంది, ఆయనకి ఇక్కడ గీత కూడా పడలేదు.

సైక్లోరామా

1880ల నాటి గుండ్రటి వర్ణచిత్రం, చుట్టుకొలత 377 అడుగులు, ఎత్తు 42. మధ్యలో నిలబడితే చుట్టూ మూడోరోజు దాడి. లైట్లు, చప్పుళ్ళతో ఒక ప్రదర్శన అయ్యాక కాసేపు ఉండనిస్తారు. గైడ్ టూర్ తర్వాత చూస్తే బొమ్మలో ప్రతి మిట్టా గుర్తుపడతారు. అక్కడికి చేరడానికి లిఫ్ట్ అడగండి, మెట్లు అమ్మగారికి వద్దు.

భోజనం ఇంటి నుంచే మేలు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు తెచ్చుకుని విజిటర్ సెంటర్ దగ్గర బల్లల మీద తినండి. శ్మశానంలో తినకూడదు. ప్రతి మజిలీలో టాయిలెట్ ఉండదు, విజిటర్ సెంటర్లో ఉన్నప్పుడే అందరూ వెళ్ళి రండి. గడ్డిలో పిడుదులుంటాయి, వాటి కాటుతో లైమ్ జబ్బు వస్తుంది. పంచె బదులు ప్యాంటు, దాని అంచులు సాక్సులో దోపుకోవాలి. రాత్రి మోకాళ్ళ వెనక, చంకల్లో, బాబు తలలో వెతకాలి. నేల మీద తూటా కనిపించినా తీయకూడదు, ఫెడరల్ నేరం. డ్రోన్ కూడా నిషేధమే. ఉరిమితే కొండ మీద ఉండకండి, బండిలోకి వచ్చేయండి.

సాయంత్రం శ్మశానం

సమాధులు అర్ధచంద్రాకారంలో, రాష్ట్రాలవారీగా ఉంటాయి. హోదా తేడా లేదు, అధికారి పక్కన సిపాయి. పేరు తెలియనివాళ్ళకి చిన్న రాతిపలక మీద అంకె ఒక్కటే, అలాంటివి 979. 1863 నవంబరు 19న ఈ శ్మశానం అంకితం చేసే సభలో ఎవరెట్ అనే వక్త రెండు గంటలు మాట్లాడాక లింకన్ రెండు నిమిషాలు మాట్లాడారు. దక్షిణాది సైనికులు ఇందులో లేరు, వాళ్ళ అవశేషాలు 1870ల్లో రిచ్‌మండ్ తదితర చోట్లకు తరలించారు. తర్వాతి యుద్ధాల్లో పోయినవాళ్ళవి మాత్రం వియత్నాం దాకా ఉన్నాయి. అక్కడ ఆటలు, పరుగులు కుదరవు.

రెండో రోజు ఉంటే

యుద్ధక్షేత్రాన్ని ఆనుకునే ఐజెన్‌హోవర్ పొలం. 1950లో కొన్నారు, ఆ దంపతులకి సొంత ఇల్లంటూ ఉన్నది అదొక్కటే. 1956 డిసెంబరులో నెహ్రూగారు ఇక్కడికే వచ్చి ఆయనతో మాట్లాడారు, 1959లో కృశ్చేవ్ వచ్చారు. అమ్మగారికి ఫిరంగుల కంటే ఈ ఇల్లే నచ్చుతుంది, సామాను వాళ్ళు వాడినట్టే ఉంది. ఐజెన్‌హోవర్‌కి ఈ ఊరితో చుట్టరికం అంతకుముందుదే: 1918లో కుర్ర కెప్టెన్‌గా ఇక్కడి క్యాంప్ కోల్ట్‌లో ట్యాంకు దళానికి శిక్షణ ఇచ్చారు, మీరు నడిచిన ఆ పొలంలోనే. మొదట్లో ట్యాంకుల్లేక ట్రక్కుల మీద మెషిన్‌గన్లు బిగించి నేర్పారు. ఎమిట్స్‌బర్గ్ రోడ్డు పక్కన గుర్తు ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో అదే చుట్టుపక్కల జర్మన్ ఖైదీల్ని ఉంచి తోటల్లో పని చేయించారు. ఆ యుద్ధం వాహనాలు చూడాలంటే 2022లో తెరిచిన మ్యూజియం ఊరి బయట ఉంది.

ఊరికి మూడు మైళ్ళ తూర్పున ఈస్ట్ కావల్రీ ఫీల్డ్, మూడోరోజు అశ్వికదళాలు తలపడ్డ చోటు, జనం ఉండరు. పైకప్పు ఉన్న శాక్స్ వంతెన చిన్నది, పది నిమిషాలు చాలు. ఊళ్ళో దయ్యాల టూర్లు అమ్ముతుంటారు, డబ్బు దండగ. ఆ డబ్బుతో జెన్నీ వేడ్ ఇల్లు చూడండి: రొట్టె పిండి కలుపుతుండగా రెండు తలుపులు చీల్చుకొచ్చిన తూటాకి చనిపోయిన అమ్మాయి, యుద్ధంలో నేరుగా చనిపోయిన ఒకే ఒక్క పౌరురాలు. తలుపులో బెజ్జం ఇప్పటికీ ఉంది.

వానొచ్చి గెటిస్‌బర్గ్ కుదరకపోతే మీకు ఇంకా దగ్గర్లో ప్రిన్స్ విలియం కౌంటీలో మనాసస్ ఉంది, సగం రోజు పని, అక్కడా ఫిరంగుల వరస బాగుంటుంది. తిరుగు ప్రయాణం మాత్రం చీకటి పడకముందే పెట్టుకోండి. సంధ్యవేళ యూఎస్ 15 మీద, ముఖ్యంగా థర్మాంట్ కొండల దగ్గర, జింకలు అడ్డమొస్తాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకో రెండు ఉంటాయి, హారన్ కంటే బ్రేకే నమ్ముకోండి.